మూత తీయని క్యారేజీ

చేతులు కడుక్కుని తువ్వాలు కోసం వెనక్కి తిరిగాను. సబ్‌స్టేషన్ రెస్ట్‌రూంలో భోజనాల బల్ల మీద నాలుగు క్యారేజీలున్నాయి. మూడు కడిగి బోర్లించినవి. నాలుగోది మాత్రం నిలబడే ఉంది. మూడు గిన్నెలూ ఒకదాని మీద ఒకటి, క్లిప్పు బిగించి, పక్కనే గుడ్డసంచీ. మూత తీయలేదు. గోడ గడియారంలో రెండుంబావు అయింది. తువ్వాలు అందుకోబోయినదాన్ని ఆగిపోయాను.

ఎందుకో వెంటనే తెలియలేదు. నాకు రెండో తరగతి చదివే కూతురుంది. సాయంత్రం బడిసంచీలోంచి తీసిన డబ్బా బరువుగా ఉంటే జ్వరమా, దెబ్బ తగిలిందా, టీచరు ఏమైనా అందా అని మూడు భయాలు ఒకేసారి వచ్చే మనిషిని నేను. ఆఫీసులో నన్ను చాటుగా ‘బెంగ మేడం’ అంటారని కూడా తెలుసు. అందుకే ముందు నన్ను నేనే కోప్పడ్డాను. ఒక మనిషి భోజనం ఆలస్యం చేస్తే ఇంత గాభరా ఎందుకని. కానీ కాళ్ళు మాత్రం కదల్లేదు. ఆ క్యారేజీ వైపే చూస్తూ నిలబడిపోయాను.

ఈ సబ్‌స్టేషన్ ఇంజినీరుగా ఉన్న నేను ఈ నెలాఖరుకి నర్సీపట్నం వదిలి శిక్షణ విభాగానికి వెళ్ళిపోతున్నాను. కొత్తగా చేరిన మీరందరూ నన్ను ఏదైనా రాసిచ్చి వెళ్ళమన్నారు. రిలే సెట్టింగులు మాన్యువల్లో ఉన్నాయి, నేను మళ్ళీ రాయక్కర్లేదు. అందులో లేనిది ఈ క్యారేజీ సంగతి. పిల్లలిద్దరూ పడుకున్నాక వంటింట్లో కూర్చుని రాస్తున్నాను. చిన్నవాడు నిద్రలో ఏడిస్తే మధ్యలో లేవాల్సి వస్తుంది. ఎక్కడైనా అతుకు కనిపిస్తే సర్దుకోండి.

మీరు చేరేసరికే కంప్యూటర్ తెరలున్నాయి, లోడు పెరిగితే తనంతట తానే ఫీడరు తీసే ఏర్పాటు ఉంది. అంతకుముందు ఎలా ఉండేదో చెబితే మీరు నమ్మరు. మాది ఆరు ఫీడర్ల సబ్‌స్టేషన్, అంటే వీధులకీ పల్లెలకీ కరెంటు మోసే ఆరు లైన్లు. ఎండలు ముదిరి ట్రాన్స్‌ఫార్మర్ మోయలేనంత లోడు వస్తే ఆపరేటరు ఏదో ఒక ఫీడరు బ్రేకరుని, అంటే దాని పెద్ద స్విచ్‌ని, చేత్తో తీసేవాడు. ఏది తీయాలో మాత్రం ఫోన్లు తేల్చేవి. గట్టిగా మాట్లాడగలవాళ్ళ వీధుల్లో ఫ్యాన్లు తిరిగేవి. ఫోన్ చేయడం తెలియని పల్లెలు చీకట్లో ఉండేవి. ఒక్కోసారి ఆపరేటరు రెండు చెవులకీ రెండు ఫోన్లు పెట్టుకుని, ఎవరికీ జవాబు చెప్పలేక, ట్రాన్స్‌ఫార్మర్ మూలుగు వింటూ కూర్చునేవాడు.

కొత్త ఏర్పాటు వచ్చాక ఆ బాధ పోయింది. ప్రతి బ్రేకరూ తన సంగతి తెర మీదకి పంపుతుంది. లోడు హద్దు దాటితే మనం ముందే రాసిపెట్టిన వరసలో ఒక్కో ఫీడరూ దిగుతుంది. లోడు తగ్గి, పది నిమిషాలపాటు తగ్గే ఉంటే, దిగింది మళ్ళీ ఎక్కుతుంది. మనిషి చెయ్యి పెట్టక్కర్లేదు. సిటీలోని కంట్రోల్ సెంటర్‌లో కూర్చుని కూడా అన్నీ చూడొచ్చు, వేయొచ్చు, తీయొచ్చు. ఆ వరస రాసింది నేను. ఆస్పత్రీ మంచినీళ్ళ పంపులూ ఉన్న ఫీడరు ఎప్పటికీ దిగకూడదని మొదటి గీత గీశాను. మిగతా ఐదూ వంతులవారీగా. ఊరి చివరి వీధుల్ని కలుపుకుని మాకవరపాలెం రోడ్డు వెంట పల్లెలకి పోయే నాలుగో ఫీడరు మీద మా ఇల్లుంది. దానికీ మినహాయింపు ఇవ్వలేదు. మా అత్తగారు ఈ సంగతి చుట్టాలకి ఇప్పటికీ చెబుతుంటారు, మెచ్చుకోలో ఫిర్యాదో తెలియకుండా.

ఇక క్యారేజీలు. లైను మీద పని చేయాలంటే లైన్‌మన్ ముందుగా ఎల్.సి. తీసుకోవాలి, అంటే ‘ఈ ఫీడరు ఆపాను, నువ్వు వచ్చి చెప్పేదాకా వెయ్యను’ అని ఆపరేటరు రాసిచ్చే కాగితం. అది అన్ని చోట్లా ఉన్నదే. మా సబ్‌స్టేషన్‌లో దాంతోపాటు ఇంకొక పద్ధతుండేది. ఎవరు ఏ ఫీడరు మీద పనికి వెళ్తే ఆ ఫీడరు ప్యానెల్ హ్యాండిల్‌కి తమ క్యారేజీ తగిలించి వెళ్ళేవారు. అది వేలాడుతున్నంతసేపూ ఆ బ్రేకరుని ఎవరూ ముట్టుకోరు. ఒకరి క్యారేజీని ఇంకొకరు దించరు. తగిలించినవాడే వచ్చి, దించుకుని, కూర్చుని తింటాడు. అప్పుడే కరెంటు. నేను చేరిన కొత్తలో ఇదేమిటని అడిగితే అక్కడున్న వాళ్ళందరిలోకీ పెద్దవాడైన లైన్‌మన్ నవ్వాడు.

“కాయితం మర్సిపోతాం మేడంగారూ, జేబులో ఉండిపోద్ది. ఆకలి మర్సిపోతామేటి?”

ఆయనది కొయ్యూరు అవతల కొండ ఊరు. రిటైర్మెంటుకి అప్పటికి రెండేళ్ళుంది. స్తంభం ఎక్కితే కొబ్బరిచెట్టు ఎక్కినట్టు ఎక్కేవాడు. దిగాక మాత్రం మోకాళ్ళు పట్టుకుని కాసేపు కూర్చునేవాడు.

కొత్త తెరలు ప్రారంభించే రోజు పైనుంచి పెద్దలు వచ్చారు. కొత్తగా రంగులేసిన ప్యానెళ్ళ మీద రెండు క్యారేజీలు వేలాడుతున్నాయి. ఒకదాన్నించి ఆవకాయ నూనె కారి నాలుగో ప్యానెల్ మీద చార కట్టింది. వచ్చినవాళ్ళలో ఒకాయన ఫోటో తీసుకుని, “ఇది కంట్రోల్ రూమా, క్యాంటీనా?” అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, చెవులు మండిపోతుండగా. మర్నాడే రెస్ట్‌రూంలో బల్ల వేయించి, ప్యానెళ్ళ మీద తిండి సామాను పెట్టకూడదని సర్క్యులర్ ఇచ్చాను. ఎల్.సి.కి ఇక ఫోన్‌లోనే అప్లికేషన్ పెట్టాలి, నేను ఒప్పుకోవాలి, అంతా తెర మీద కనిపించాలి. పైగా లోడు ఎక్కువుండే వేళల్లో ముందుగా చెప్పకుండా ఎల్.సి. అడిగినవాళ్ళకి మెమోలు కూడా ఇచ్చాను. రెండు నెలల్లో ఎల్.సి.ల లెక్క సగానికి పడిపోయింది. రివ్యూ మీటింగులో ఆ కాగితం చూపించి చప్పట్లు కొట్టించుకున్నాను. పనులు ఎందుకు తగ్గాయి, స్తంభాలన్నీ ఒక్కసారిగా బాగుపడ్డాయా అని నన్నెవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

ఇంట్లోనూ అదే వరస. బడి తెరిచిన మొదటి రెండు రోజులు అమ్మాయి డబ్బా నిండుగా తిరిగొచ్చింది. గట్టిగా కోప్పడ్డాను. మూడో రోజు నుంచీ డబ్బా ఖాళీగా, మెరిసిపోతూ వస్తోంది. అది కూడా నలుగురికీ చెప్పుకుని మురిసిపోయాను.

సరే, ఆ మధ్యాహ్నానికి వస్తాను. బడులు తెరిచి మూడు వారాలైంది కానీ వానలు మొహం చాటేశాయి. ఉన్న రెండు ట్రాన్స్‌ఫార్మర్లలో ఒకదానికి ఆయిల్ పని జరుగుతోంది. అందుకే నేనూ సబ్‌స్టేషన్‌లోనే ఉన్నాను. ఊరి బరువంతా ఒక్కదాని మీదే పడి, ఒంటిగంటకి హద్దు దాటింది. వరస ప్రకారం నాలుగో ఫీడరు దిగింది. రెండింటికి షిఫ్టు మారింది. పొద్దుటి షిఫ్టు ఆపరేటరు తాళాలిచ్చి ఎస్. రాయవరం బస్సెక్కాడు. మధ్యాహ్నపు షిఫ్టు ఆపరేటరు వచ్చి కూర్చున్నాడు. కొయ్యూరు కొండల మీద నల్లగా మబ్బు లేచింది. చల్లగాలి తిరిగింది. నేను ఆలస్యంగా అన్నం తిని చెయ్యి కడుక్కుని తిరిగేసరికి ఆ క్యారేజీ.

“ఇదెవరిది?” అని ఆపరేటరుని కేకేసి అడిగాను.

“మన పెద్దాయనదండి.”

“తినలేదేం?”

“తింటాడు లెండి. ఏ బడ్డీ కాడో టీ తాగుతా కబుర్లాడతన్నాడేమో. ఇటు రండి మేడంగారూ, గాలి సూడండి ఎలా తిరిగిందో. లోడు దిగిపోతంది. ఇంకాసేపట్లో నాలుగో ఫీడరు వొచ్చీద్ది. మీ ఇంటికి ఫ్యాన్లే ఫ్యాన్లు!”

తెర వైపు చూశాను. లోడు గీత మెట్లు దిగినట్టు దిగుతోంది. నాలుగో ఫీడరు పక్కన పది నిమిషాల లెక్క మొదలై నాలుగు నిమిషాలు దాటింది. ఎల్.సి.లు ఒక్కటీ లేవు. ఎక్కడా ఎర్ర గుర్తు లేదు. తెర అంత శుభ్రంగా నేనెప్పుడూ చూడలేదు.

అప్పుడు తట్టింది. చేత్తో తీసే రోజుల్లో ఫీడరు ఆపితే రెండు గంటలు ఆపేవారు. ఒంటిగంటకి తీస్తే మూడింటికి వేసేవారు. లైన్‌మన్లందరికీ ఆ లెక్క ఒంట్లో ఇంకిపోయింది. ఎలాగూ కరెంటు లేదు కదా అని చిన్నాచితకా పనులు ఆ రెండు గంటల్లోనే చక్కబెట్టుకునేవారు. క్యారేజీ తగిలించి వెళ్ళేవారు. అదే వాళ్ళకి ఎల్.సి. కానీ మా కొత్త ఏర్పాటుకి గంటలు తెలియవు, లోడు ఒక్కటే తెలుసు. మబ్బు పట్టి ఊళ్ళో కూలర్లు ఆగిపోతే మూడింటిదాకా ఎందుకు ఆగుతుంది?

గోడకి లైన్‌మన్ల బెల్టులు తగిలించే మేకులున్నాయి. పెద్దాయన మేకు ఖాళీగా ఉంది. మూలన ఎర్త్ రాడ్లు, అంటే లైను పొరపాటున ఛార్జ్ అయినా మనిషిని కాపాడటానికి ముందుగా తగిలించే రాడ్లు, అక్కడే నిలబడి ఉన్నాయి. బెల్టు తీసుకెళ్ళాడు. రాడ్లు వదిలేశాడు. పది నిమిషాల పనే అనుకున్నాడన్నమాట.

ఆయన నంబరుకి ఫోన్ చేశాను. బల్ల మీద, క్యారేజీ పక్కనున్న గుడ్డసంచీలోంచి మోగింది.

సినిమాలో అయితే ఆఖరి సెకను దాకా లాగుతారు. నేను అంతసేపు ఆగలేదు. పరుగెత్తి నాలుగో ప్యానెల్ దగ్గర రిమోట్‌లో ఉన్న స్విచ్‌ని లోకల్‌కి తిప్పేశాను. ఇక తెర ఎంత చెప్పినా, కంట్రోల్ సెంటర్ ఎంత నొక్కినా ఆ బ్రేకరు వినదు. లెక్కలో అప్పటికింకా మూడు నిమిషాల చిల్లరుంది. తర్వాత ఆపరేటరు చేత యార్డులో ఆ ఫీడరుని విడగొట్టే ఐసోలేటరు కూడా తీయించాను. తిరిగి వచ్చి క్యారేజీ పట్టుకెళ్ళి నాలుగో ప్యానెల్ హ్యాండిల్‌కి తగిలించాను. నూనె చార పూర్తిగా పోలేదు, లేతగా ఉంది. నేను తీయించిన చోట నేనే తగిలించాను.

“మేడంగారూ, నిజంగా టీ కొట్టు కాడ ఉంటే?” అన్నాడు ఆపరేటరు భయంగా.

“ఉంటే నన్ను చూసి నవ్వుకోండి. ఫర్వాలేదు.”

పొద్దుటి ఆపరేటరు ఫోన్ కలవలేదు. ఫిర్యాదుల పుస్తకం తిరగేశాను. నాలుగో ఫీడరు మీద ఆ పొద్దున రెండు ఫిర్యాదులున్నాయి. ఒక వీధిలో ఓల్టేజీ తక్కువని ఒకటి. మాకవరపాలెం రోడ్డులో జీడితోట దాటాక లైను స్విచ్ దగ్గర నిప్పులు రాలుతున్నాయని రెండోది. స్విచ్చే కాలిపోతుంటే దాన్ని తీసి పని చేయడానికి కుదరదు, మొత్తం ఫీడరే ఆగాలి. ఇంకో లైన్‌మన్‌ని రాడ్లిచ్చి అక్కడికి బండి మీద పంపించాను. “మేడంగారూ, వానొచ్చీలా ఉంది,” అంటూనే వెళ్ళాడు.

ఆ తర్వాత అరగంట నా జీవితంలో అన్నిటికన్నా పొడుగైన అరగంట. ముందు కంట్రోల్ సెంటర్ ఇంజినీరు ఫోన్ చేశాడు. మర్యాదస్తుడు.

“మేడం, ఫోర్త్ ఫీడర్ లోకల్‌లో పెట్టారండీ. లోడ్ కంఫర్టబుల్‌గానే ఉంది. రిమోట్‌లో పెడితే నేను ఛార్జ్ చేసేస్తాను.”

“పెట్టనండి. లైన్ మీద మనిషి ఉన్నాడేమోనని అనుమానం.”

“నాకు ఎల్.సి. ఏమీ కనిపించట్లేదండీ.”

“నాకూ కనిపించట్లేదు. అందుకే.”

ఆయన డివిజన్ పెద్దసారుకి చెప్పాడు. రెండు నిమిషాల్లో పెద్దసారు ఫోన్ చేశారు.

“ఏటమ్మా, లోడు తగ్గిపోయింది కదా, ఫీడరు ఎందుకాపేవు?”

“లైన్ మీద మనిషి ఉన్నాడేమోనని సార్.”

“ఏమోనని ఏటి? ఎల్.సి. ఉందా?”

“లేదు సార్.”

“ఫోన్ చేసి చెప్పాడా?”

“లేదు సార్. ఫోన్ ఇక్కడే వదిలేశాడు.”

“మరి ఆధారం ఏటి?”

“క్యారేజీ సార్. మూత తియ్యలేదు.”

ఆయన గొంతు తగ్గించారు. “తల్లీ, ఆ మాట నేను పైవాళ్ళకి ఎలా సెప్పాలి?”

“నేను రాసిస్తాను సార్. మనిషి కనబడేదాకా మాత్రం ఫీడరు ఇవ్వను.”

“సర్లే. బేగి తేల్చు,” అని పెట్టేశారు. ఇచ్చెయ్ అని ఆర్డరు వేయగలిగీ వేయలేదు. అందుకే ఆయనంటే నాకు ఈనాటికీ గౌరవం.

మూడో ఫోన్ మా అత్తగారిది.

“ఊరందరికీ కరెంటుంది, మన వీధికే ఇంకా రాలేదు. పక్కింటావిడ గేటు కాడ నిలబడి అడుగుతోంది, మీ కోడలుగారు ఆఫీసులో ఏటి సేస్తన్నారని. పిల్లడికి ఒళ్ళంతా చెమటకాయలు, ఏడుపు ఆపట్లేదు.”

వెనక నుంచి చిన్నవాడి ఏడుపు వినిపిస్తూనే ఉంది. వాడికి మూడేళ్ళు.

“అత్తయ్యా, ఆపింది నేనే.”

“నువ్వేనా? మరింకేం, ఇచ్చీ!”

“ఇవ్వలేనండి. స్తంభం మీద మనిషున్నాడేమో.”

“అయితే ఆ విసనకర్ర ఎక్కడెట్టేవో అదైనా సెప్పు. పొద్దున్నించీ ఎతుకుతున్నాను.”

ఫ్రిజ్ మీద ఉందని చెప్పాను.

మూడు కావడానికి పది నిమిషాలుండగా వెతకడానికి వెళ్ళిన లైన్‌మన్ ఫోన్ చేశాడు.

“దొరికాడండీ! జీడితోట కాడ, పైనే ఉన్నాడు!”

“దిగమని చెప్పండి!”

“దిగట్లేదండీ. బోల్టు బిగించీసి దిగుతానంటన్నాడు.”

ఫోన్‌లోనే పైనుంచి పెద్దాయన కేక వినపడింది. “మూడవ్వలేదు కదేటి! ఇంకా పది నిమిషాలుంది నాకు! మేడంగారికి సెప్పీకురా, మెమో ఇచ్చీగల్రు!”

నేను ఫోన్ పెట్టి కుర్చీలో కూర్చున్నాను. ఆపరేటరు మంచినీళ్ళ గ్లాసు తెచ్చి నా ముందు పెట్టి, వేలాడుతున్న క్యారేజీ వైపు చూసి, చేతులెత్తి దండం పెట్టాడు. క్యారేజీకో, నాకో, లోపలి అన్నానికో నాకు తెలియదు.

ఆయన్ని దింపాం. రాడ్లు వేయించి, ఎల్.సి. రాసి, మళ్ళీ ఎక్కించి ఆ స్విచ్ పని పూర్తి చేయించి, రాడ్లు తీయించాం. బోల్టు తుప్పు పట్టి కదలకపోవడంతో పది నిమిషాల పని గంటన్నర దాటిందట. నాలుగవుతుంటే సబ్‌స్టేషన్‌కి వచ్చాడు. లోపలికి వస్తూనే నాలుగో ప్యానెల్ చూసి ఆగిపోయాడు.

“ఎవలెట్టారు దీన్నిక్కడ?”

“నేనే.”

ఆయన నన్ను చూశాడు, తెరని చూశాడు. రెండున్నర లోపే ఆ ఫీడరు రావాల్సిందని అక్కడ రాసి ఉంది. చదివాడు. అప్పుడాయనకి అర్థమైంది. కానీ నోటికొచ్చిన మాట వేరే.

“ప్యానెల్‌కి మరకైపోద్దండీ మేడంగారూ.”

“అవనీయండి.”

హ్యాండిల్ నుంచి క్యారేజీ తానే దించుకున్నాడు. మోకాళ్ళు పట్టుకుని బల్ల దగ్గర కూర్చుని క్లిప్పు విప్పాడు. అన్నం, వంకాయ ఎండుచేపల కూర, కింద గిన్నెలో చోడి అంబలి, అదే రాగి అంబలి. ఆయన మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాక నేను ఐసోలేటరు వేయించి, వెళ్ళి నాలుగో ఫీడరు వేశాను. బ్రేకరు పడిన చప్పుడుకి ఆయన తలెత్తి చూసి, మళ్ళీ అన్నంలో పడ్డాడు. పన్నెండేళ్ళ సర్వీసులో నేను వేసిన బ్రేకర్లు లెక్కలేనన్ని. వాటిల్లో నాకు గుర్తున్నది ఆ ఒక్కటే.

పొద్దుటి ఆపరేటరు సాయంత్రానికి ఫోన్‌లో దొరికాడు. ఏడుపు గొంతుతో అన్నాడు. “సెప్పొద్దన్నాడండి. మీరడిగితే అప్లికేషన్ పెట్టమంటారు, పీక్ టైమంటారు, మెమో ఇస్తారు. కరెంటు లేనప్పుడు పదినిమిషాల పనికి ఇదంతా దేనికని...” అతన్ని ఏమంటాను? అంతకుముందైతే అతను చెప్పకపోయినా ప్యానెల్ మీద క్యారేజీ చెప్పేది. షిఫ్టు మారినా అది మారేది కాదు. ఆ నోరు మూయించింది నేనే.

రిపోర్టులో అలాగే రాశాను. లైన్‌మన్ ఎల్.సి. లేకుండా ఎక్కడం మొదటి తప్పు, అలా ఎక్కేలా చేసిన నా సర్క్యులరూ నా మెమోలూ అంతకన్నా ముందరి తప్పు అని. పెద్దసారు చదివి కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టారు.

“నీ మీద నువ్వే రాసుకుంటావేటమ్మా? ఉద్యోగం కొత్తా?”

“కొత్త కాదు కాబట్టే రాశాను సార్.”

నాకూ ఒక మెమో వచ్చింది. బీరువాలో పిల్లల బర్త్ సర్టిఫికెట్ల పక్కన దాచుకున్నాను. నిజమే చెబుతున్నాను, నవ్వకండి.

ఆ తర్వాత ఏం చేశామో మీరు రోజూ చూస్తూనే ఉన్నారు. ప్రతి ప్యానెల్ పక్కనా ఒక ఇనుప కొక్కెం ఉంటుంది. దాని వెనక స్ప్రింగు, స్ప్రింగు వెనక చిన్న లిమిట్ స్విచ్. బరువు పడితే చాలు, ఆ ఫీడరుని తెర తిరిగి ఎక్కించలేదు, కంట్రోల్ సెంటర్ వేయలేదు. అక్కడి తెర మీద పసుపు చుక్క వెలుగుతుంది. కొక్కేలు మన ఊరి వెల్డింగ్ షాపులో చేయించాం. స్ప్రింగు ఎంత బిగువుండాలో తేల్చడానికి పెద్దాయన రోజూ తన క్యారేజీ తగిలించి చూపించేవాడు. ఖాళీ క్యారేజీకి చుక్క వెలగకూడదు, మూత తీయనిదానికే వెలగాలి. నాలుగు స్ప్రింగులు మార్చాక కుదిరింది. రిలే పని చూసే మా సహోద్యోగి మొదట పగలబడి నవ్వాడు. చివరికి ఆ వైరింగు గీసిచ్చింది ఆయనే. పక్క సబ్‌స్టేషన్ల వాళ్ళు చూడ్డానికి వచ్చినప్పుడు ఈ సంగతి నాకన్నా ముందు చెప్పేదీ ఆయనే. ఒక్క మాట మర్చిపోకండి, కొక్కెం ఎల్.సి.కి బదులు కాదు. ఎల్.సి., రాడ్లు, ఐసోలేటరు అన్నీ ఉండాలి, ఆ పైన ఇది. చిన్న పనికి ఎల్.సి. ఇప్పుడు ఫోన్ చేసిన అయిదు నిమిషాల్లో ఇస్తాం, మెమోలు లేవు. తర్వాతి రివ్యూలో ఎల్.సి.ల లెక్క బాగా పెరిగింది. ఆ కాగితాన్నీ నేనే చూపించాను. ఈసారి చప్పట్లు రాలేదు. ఆ చప్పట్లకన్నా ఈ కాగితమంటేనే నాకు ఎక్కువ గర్వం. ఆరు ఫీడర్లకీ ఆరు కొక్కేలు బిగించిన రోజు మా అమ్మాయి పుట్టిన రోజంత సంతోషించాను.

అయితే అదంతా తర్వాతి మాట. ఆ రోజు సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి అత్తగారు గుమ్మంలోనే విసనకర్ర నా చేతికిచ్చారు. “ఇప్పుడు నువ్వు ఇసురు,” అన్నారు, నవ్వుతూనే. చిన్నవాడు ఫ్యాను కింద నిద్రపోతున్నాడు. అమ్మాయి సంచీలోంచి డబ్బా తీశాను. ఖాళీగా, మెరుస్తూ ఉంది. రోజూలా సంతోషించబోయాను, కానీ ఆగిపోయాను. మధ్యాహ్నం చూసిన తెర కూడా ఇంత శుభ్రంగానే ఉంది కదా.

“ఈరోజు ఏం కూర పెట్టానమ్మా?”

అమ్మాయి నన్ను చూసింది, అత్తగారిని చూసింది. “పప్పు,” అంది.

నేను పెట్టింది దొండకాయ వేపుడు. ఆ రాత్రికి డబ్బా కడిగి బోర్లించాను.

పొద్దున్న డబ్బాలు కడుతూ ఇద్దర్నీ పిలిచి గట్టు మీద కూర్చోబెట్టుకున్నాను. చిన్నవాడికి అంగన్‌వాడీకి చిన్న డబ్బా, అమ్మాయికి పెద్దది.

“తినలేకపోతే, మూత తీయకుండా అలాగే పట్టుకొచ్చెయ్యండి. తిట్టను. ఎక్కడో పారేసి ఖాళీ డబ్బా మాత్రం తేవద్దు.”

“నిజంగా తిట్టవా?” అంది అమ్మాయి.

“తిట్టను. నిన్న ఆఫీసులో అలాంటి క్యారేజీ ఒకటి చూసే కదా, ఒక తాతని వెతకమని పంపించాను.”

అది తన డబ్బా దగ్గరికి లాక్కుంది. “మరి బడి పంపు దగ్గర కుక్క ఏం తింటుంది?”

“దానికి వేరే కడతాను.”

చిన్నవాడికి కుక్క సంగతి పట్టలేదు. నా కొంగు పట్టుకుని లాగాడు. “తాత దొరికాడా?”

“దొరికాడు నాన్నా. నాలుగింటికి కూర్చుని, అంతా తిన్నాడు.”